తల తిప్పలేని ఆస్కార్

1881లో పారిస్‌లో అంతర్జాతీయ విద్యుత్ ప్రదర్శన జరిగింది. ఎడిసన్ బల్బుల్ని ఐరోపా జనం కళ్ళారా చూసింది అక్కడే. ఆ బల్బుల వెలుగులో మరుగున పడిపోయిన వింత ఇంకోటుంది. ప్రదర్శనశాలలో ఒక గదిలోకి వెళ్తే మనిషికి రెండు చొప్పున టెలిఫోను రిసీవర్లు ఇచ్చేవారు. ఒకటి ఎడమచెవికీ, ఒకటి కుడిచెవికీ ఆనించుకుంటే, సుమారు రెండు కిలోమీటర్ల అవతల ఒపేరాలో జరుగుతున్న పాట వినబడేది. అంతవరకే అయితే అది టెలిఫోను గొప్ప. కానీ విన్నవాళ్ళు ఇంకో మాట కూడా చెప్పారు: పాడేవాళ్ళు వేదిక మీద అటునుంచి ఇటు నడుస్తుంటే ఆ నడక చెవికి తెలుస్తోందని! విక్టర్ హ్యూగో కూడా ఇలాంటి పాట విన్నాడు.

ఇది చేసినాయన పేరు క్లెమెంట్ ఆడెర్ (తరవాత ఆవిరి యంత్రంతో విమానం ఎగరెయ్యబోయిందీ ఈయనే). ఆయన పద్ధతి చూస్తే ముచ్చటేస్తుంది. వేదిక అంచున దీపాల వరస వెంబడి మైకులు పేర్చాడు. నాట్యం చేసేవాళ్ళ గెంతులకి చెక్కనేల అదిరి ఆ చప్పుడంతా మైకులోకి రాకుండా ఒక్కోదాన్నీ సీసపు దిమ్మ మీద బిగించి, దిమ్మ కింద రబ్బరు కాళ్ళు పెట్టాడు. ఎడంవైపు మైకొకటి, కుడివైపు మైకొకటి జతచేసి శ్రోతకి ఇచ్చాడు. ఇప్పటి భాషలో చెప్పాలంటే మైకుల ఎరే, హెడ్‌ఫోన్లు, లైవ్ స్ట్రీమింగు మూడూ 1881లోనే ఉన్నాయన్నమాట. 1890లో దీన్ని వ్యాపారంగా పెట్టారు. హోటళ్ళలో నాణెం వేస్తే కాసేపు నాటకం వినిపించేది. రేడియో వచ్చాక చతికిలబడి 1932లో మూతపడింది.

అంత తొందరగా మొదలైంది కదా, మరి మొన్నమొన్నటిదాకా హెడ్‌ఫోన్లలో పాట వింటే గాయకుడు మన రెండు చెవుల మధ్య, పుర్రె లోపల కూచుని పాడుతున్నట్టే ఎందుకుండేది? నూటనలభై యేళ్ళు ఏం చేశారు వీళ్ళంతా? ఈ చరిత్రని మామూలుగా మైకుల చరిత్రగా చెప్తారు. ఏ మైకు ఎప్పుడొచ్చింది, ఎన్ని ఛానెళ్ళు, వగైరా. నాకు మాత్రం ఇది మనిషి మెడ చరిత్ర అనిపిస్తుంది. మైకులు ఎప్పుడో కుదిరాయి. వినేవాడు తల తిప్పుతాడన్న చిన్న సంగతిని లెక్కలోకి తీసుకోడానికే శతాబ్దం పైగా పట్టింది.

ముందు చెవి సంగతి కాస్త చూద్దాం. 1907లో లార్డ్ రేలీ (ఆకాశం నీలంగా ఎందుకుందో చెప్పిన ఆయనే) ఒక వ్యాసంలో తేల్చిందేమిటంటే, శబ్దం ఏ దిక్కునుంచి వస్తోందో మనకి రెండు రకాలుగా తెలుస్తుంది. మంద్రంగా ఉండే శబ్దాలకి, అది రెండు చెవులకీ చేరే కాలంలో తేడాని బట్టి. కీచుగా ఉండే శబ్దాలకి, తల అడ్డుపడి అవతలి చెవికి తగ్గే గట్టిదనాన్ని బట్టి. సరిగ్గా పక్కనుంచి వచ్చే శబ్దం దగ్గరి చెవికి చేరాక దూరపు చెవికి చేరడానికి పట్టేది సుమారు 0.66 మిల్లీసెకన్లు. ఇదే గరిష్ఠం. ఇందులో 10 మైక్రోసెకన్ల తేడాని కూడా మనిషి పట్టెయ్యగలడు. సీడీలో రెండు శాంపిళ్ళ మధ్య వ్యవధి 22.7 మైక్రోసెకన్లు. అంటే అందులో సగం కన్నా తక్కువ తేడా. (అలాగని సీడీలో ఆ తేడా పోతుందనుకోకండి. శాంపిల్‌కీ శాంపిల్‌కీ మధ్య జరిగిందంతా తరంగం ఆకారంలో భద్రంగానే ఉంటుంది. ఈ విషయమ్మీద ఆడియో పిచ్చోళ్ళతో వాదించి లాభం లేదు.)

మనవాళ్ళకి ఈ విద్య కొత్తేం కాదు, శబ్దభేది అని బాణమే ఉంది. దశరథుడు కడవలో నీళ్ళు నింపే చప్పుడు విని చీకట్లో గురి తప్పకుండా కొట్టాడు. దిక్కు సరిగ్గా పట్టాడు. అది ఏనుగనుకోవడంలోనే వచ్చింది తంటా. దిక్కు పట్టడం, చప్పుడేమిటో గుర్తుపట్టడం వేరువేరు పనులని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

సరే, ఆస్కార్ దగ్గరికి వద్దాం.

1930ల మొదట్లో అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో హార్వే ఫ్లెచర్ బృందం ఒక దర్జీ బొమ్మని తెచ్చింది. బట్టల షాపు ముందు నిలబెడతారే, అలాంటిది. దానికి ఆస్కార్ అని పేరు పెట్టారు. అప్పటి మైకులు చెవిలో పట్టేంత చిన్నవి కావు కాబట్టి చెవుల ముందు, దవడ ఎముక దగ్గర, అటొకటీ ఇటొకటీ అమర్చారు. 1933లో షికాగో ప్రపంచ ప్రదర్శనలో ఆస్కార్‌ని అద్దాల గదిలో కూచోబెట్టారు. బయట జనం హెడ్‌ఫోన్లు పెట్టుకునేవారు. లోపల ఒక మనిషి ఆస్కార్ చుట్టూ తిరుగుతూ మాట్లాడితే, బయటివాళ్ళకి తమ చెవి పక్కనే ఎవరో మాట్లాడుతున్నట్టుండేది. వెనక్కి తిరిగి చూసుకునేవారు.

అదిగో, అక్కడే ఉంది కిటుకంతా. వెనక్కి తిరిగి చూసుకున్నప్పుడు ఏమవుతుంది? వినేవాడు తిరిగాడు, ఆస్కార్ తిరగలేదు. కాబట్టి ఆ గొంతు కూడా వినేవాడి తలతోపాటే గిర్రున తిరిగింది. ఎంత తిరిగినా అది వెనకే ఉంటుంది, తోకలాగ.

పక్కలనుంచీ వెనకనుంచీ వచ్చే శబ్దాలు ఆస్కార్ ద్వారా భేషుగ్గా వినబడేవి. ఎదురుగా ఉన్నవే కుదరలేదు. ముందున్నది వెనక ఉన్నట్టో, తల లోపల ఉన్నట్టో అనిపించేది. ఈ జబ్బు ఆస్కార్‌ది ఒక్కడిదే కాదు, తరవాత వచ్చిన బొమ్మ తలలన్నిటికీ వారసత్వంగా వచ్చింది. బెల్ ల్యాబ్స్ వాళ్ళు హెడ్‌ఫోన్లు పక్కనపెట్టి స్పీకర్ల వైపు వెళ్ళారు. 1933 ఏప్రిల్ 27న ఫిలడెల్ఫియాలో ఆర్కెస్ట్రా వాయిస్తుంటే మూడు మైకులు, మూడు లైన్లు, మూడు స్పీకర్ల ద్వారా వాషింగ్టన్‌లో జనానికి వినిపించారు. వాళ్ళ అసలు ఊహ ఇంకా పెద్దది: వేదికకి అడ్డంగా మైకులతో తెర కట్టి, అవతలి హాల్లో అన్నే స్పీకర్లతో ఇంకో తెర కట్టాలని. అన్ని వైర్లు లాగలేక మూడుతో సరిపెట్టుకున్నారు. ఇంజనీర్లు ఎక్కడైనా ఇంజనీర్లే.

సరిగ్గా అదే రోజుల్లో లండన్‌లో ఈఎమ్ఐ కంపెనీలో ఆలన్ బ్లమ్‌లైన్ అనే ఆయన 1931 డిసెంబరులో స్టీరియోకి మూలమైన పేటెంటు వేశాడు. సినిమాకెళ్తే తెర మీద మనిషి ఒక చోట, గొంతు ఇంకో చోట ఉండటం చూసి చిరాకేసి ఆలోచించాడని చెప్పుకుంటారు. 128 పేటెంట్లు తీసుకున్న మనిషి. 1942 జూన్ 7న, రాడార్ పరీక్షలు చేస్తున్న విమానం కూలి, 38 యేళ్ళకే పోయాడు. ఆయన పేటెంటులో ఒక ముఖ్యమైన ఒప్పుకోలు ఉంది: చెవులకోసం పట్టిన శబ్దం స్పీకర్లకి పనికిరాదు, ఒకదాన్ని ఇంకోదాని కింద మార్చాలి. మార్చడానికి సర్క్యూటు కూడా ఇచ్చాడు. లోకం స్పీకర్లని ఎంచుకుంది. హెడ్‌ఫోన్లలో మనం విన్న పాటలన్నీ స్పీకర్లకోసం కలిపినవే. తల లోపల మోగడంలో ఆశ్చర్యమేముంది?

ఆస్కార్ జబ్బుకి మందు 1940లోనే దొరికింది. దొరికినా ఎవరూ వాడలేదు. హన్స్ వాలక్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు (జర్మనీనుంచి అమెరికా వలసవెళ్ళినాయన) ఒక వ్యాసం రాశాడు. అందులో సంగతి చాలా తేలిక, మీరు ఇప్పుడే కుర్చీలో కూచుని ఊహించుకోవచ్చు. సరిగ్గా ఎదురుగా ఒక గడియారం టిక్కుటిక్కుమంటోంది. రెండు చెవులకీ ఒకేసారి చేరుతుంది. సరిగ్గా వెనక ఉన్నా అంతే, రెండు చెవులకీ ఒకేసారి చేరుతుంది. నడినెత్తి మీద ఉన్నా అంతే. కదలకుండా కూచుంటే రేలీ సూత్రం ప్రకారం ఈ మూడిటికీ తేడా లేదు. ఇప్పుడు తల కొంచెం కుడివైపు తిప్పండి. గడియారం ఎదురుగా ఉంటే ఎడమచెవికి ముందు చేరుతుంది. వెనక ఉంటే కుడిచెవికి ముందు చేరుతుంది. నెత్తిమీద ఉంటే ఏ మార్పూ ఉండదు. అంతే! చిన్న మెడ విసురుతో మూడు దిక్కులూ విడిపోయాయి. మనకి తెలీకుండానే రోజంతా ఈ పని చేస్తూనే ఉంటాం.

హెడ్‌ఫోన్లు పెట్టుకుని తల తిప్పితే మాత్రం మార్పే ఉండదు. ఎటు తిప్పినా అదే శబ్దం. నా తలతోపాటు తిరిగే వస్తువు ఎక్కడ ఉండగలదు అని మెదడు లెక్కేసుకుంటే, దానికి దొరికే ఒకే ఒక్క జవాబు తల లోపల. పాపం మెదడు తప్పేం లేదు, ఇచ్చిన డేటాకి సరైన జవాబే చెప్తోంది.

దీనికి తోడు చెవి డొప్ప. డొప్పలో మడతలు ఊరికే అందానికి లేవు. శబ్దం వాటికి తగిలి, వచ్చిన దిక్కుని బట్టి కొన్ని ఫ్రీక్వెన్సీలు పెరిగి, కొన్ని తగ్గి లోపలికెళ్తాయి. ముందూ వెనకా, పైనా కిందా చెప్పే రెండో సాక్షి ఇదే. ముఖ్యంగా పై స్థాయి ఫ్రీక్వెన్సీలలో. చిక్కేమిటంటే ఎవరి డొప్ప వాళ్ళది, వేలిముద్రలాగ. ఆస్కార్ డొప్పలతో విన్నదాన్ని మన మెదడు చదవలేదు. వేరేవాళ్ళ కళ్ళజోడు పెట్టుకున్నట్టుంటుంది.

ఈ రెండు లోపాల్లో జనం పట్టుకున్నది డొప్పని. మెడని వదిలేశారు. 1973లో జర్మనీలో న్యూమన్ కంపెనీ కేయూ 80 అనే బొమ్మ తలని తెచ్చింది. అదే ఏడాది బెర్లిన్ రేడియో ప్రదర్శన సందర్భంగా బొమ్మ తలతో రికార్డు చేసిన రేడియో నాటకం ప్రసారం చేశారు. జర్మన్ రేడియోలో కొన్నేళ్ళు ఆ నాటకాల హవా నడిచింది. కానీ ఎదురుగా ఉండాల్సిన పాత్ర వెనకనుంచి మాట్లాడుతోందన్న ఫిర్యాదు మాత్రం పోలేదు. బొమ్మకి డొప్పలు ఎంత బాగా చెక్కినా, అవి బొమ్మవి.

మనలో చాలామందికి ఈ బొమ్మ తలల పరిచయం మంగలి షాపు ఫైలు ద్వారా. 1996లో క్యూసౌండ్ ల్యాబ్స్ తయారుచేసిన ఆ అయిదు నిమిషాల ఫైలు, తరవాత పదేళ్ళ పాటు ఆఫీసు ఈమెయిళ్ళలో "హెడ్‌ఫోన్లు పెట్టుకుని, కళ్ళు మూసుకుని వినండి" అని తిరుగుతూనే ఉంది. చెవి పక్కన కత్తెర ఆడుతుంటే ఒళ్ళు జలదరించేది. ఓసారి మళ్ళీ విని చూడండి. కత్తెర కుడిపక్కన, ఎడంపక్కన, వెనకాల. మంగలివాడు పని చేసేదే ఆ దిక్కుల్లో. హెడ్‌ఫోన్లకి రాని దిక్కు కథలోనే లేకుండా చేసుకున్నారు. తెలివంటే అదీ :)

ఇంగ్లండులో ఇంకో దారిలో ఒకాయన వెళ్ళాడు. మైకేల్ గెర్జాన్, ఆక్స్‌ఫర్డ్‌లో గణితం చదివినవాడు. 1970ల మొదట్లో ఆయన అడిగిన ప్రశ్నే వేరు: చెవుల సంగతి తరవాత, ముందు ఒక బిందువు దగ్గరికి శబ్దం అన్ని దిక్కులనుంచీ ఎలా వస్తోందో రాసిపెట్టుకోగలమా? దానికి నాలుగు సిగ్నళ్ళు చాలన్నాడు. అన్ని దిక్కులకీ సమానంగా వినేది ఒకటి, ముందువెనకలకి ఒకటి, కుడిఎడమలకి ఒకటి, పైకిందలకి ఒకటి. పీటర్ క్రేవెన్‌తో కలిసి నాలుగు ముఖాల పిరమిడ్ ఆకారంలో నాలుగు మైకులు దగ్గరదగ్గరగా పెట్టి సౌండ్‌ఫీల్డ్ మైకు రూపొందించాడు. పద్ధతి పేరు ఆంబిసానిక్స్.

ప్రోగ్రాములు రాసేవాళ్ళకి ఇందులో నోరూరే సంగతొకటుంది. శబ్దప్రపంచం మొత్తాన్ని తిప్పడమంటే ఆ నాలుగింట్లో మూడు సిగ్నళ్ళని ఒక 3×3 మ్యాట్రిక్స్‌తో గుణించడమే. శ్రోత తల ఎంత తిరిగిందో తెలిస్తే అంతే కోణం వెనక్కి తిప్పెయ్యొచ్చు. అంటే మెడకి జవాబు 1970లలోనే గణితంలో ఉంది! అయితే అప్పటి మార్కెట్టు నాలుగు స్పీకర్ల క్వాడ్రఫోనిక్ మోజులో ఉండి, ఆ మోజు బెడిసికొట్టినప్పుడు ఆంబిసానిక్స్‌ని కూడా దాంతోపాటే చెత్తబుట్టలో వేసింది. గెర్జాన్ 1996లో యాభయ్యేళ్ళకి పోయాడు. పోయాక సరిగ్గా ఇరవయ్యేళ్ళకి, 2016లో, యూట్యూబ్ తన 360 డిగ్రీల వీడియోలకి ఆ నాలుగు సిగ్నళ్ళ పద్ధతినే తీసుకుంది.

ఆనందించాల్సిన కథే, కానీ నాలుగు సిగ్నళ్ళు నిజంగా చాలవు. కాస్త లెక్క చూద్దాం. తల అంత స్థలంలో (వ్యాసార్థం 8.75 సెంటీమీటర్లు అనుకుందాం) శబ్దాన్ని సరిగ్గా తిరిగి పుట్టించాలంటే, ఈ మొదటి మెట్టు ఆంబిసానిక్స్ సుమారు 620 హెర్ట్జ్ వరకే పనిచేస్తుంది. ఆ పైన అంతా పలచనైపోతుంది. మెట్టు పెంచుకుంటూ పోవచ్చు. నాలుగో మెట్టుకి 25 ఛానెళ్ళు, సుమారు 2500 హెర్ట్జ్. 16 వేల హెర్ట్జ్ దాకా కావాలంటే 26వ మెట్టు, 729 ఛానెళ్ళు. మాట స్పష్టతకి ప్రాణమైన హల్లుల సమాచారం చాలావరకు రెండువేల పైనే ఉంటుంది కదా. అసలు పని అక్కడే ఉంటే పద్ధతి అక్కడే చేతులెత్తేస్తుంది.

ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం. కాలిఫోర్నియా యూనివర్సిటీ, డేవిస్. రాల్ఫ్ అల్గాజీ, రిచర్డ్ డూడా, డెనిస్ థామ్సన్. డూడా అంటే ఎవరో కాదు, మన డూడా అండ్ హార్టే! ప్యాటర్న్ రికగ్నిషన్ పేపరు తీసుకున్న ప్రతి ఇంజనీరింగు కుర్రాడూ జెరాక్సు తీయించుకున్న 1973 నాటి పుస్తకం రాసినాయన. కంప్యూటర్లకి చూపు నేర్పడంలో పేరు తెచ్చుకుని, తరవాత చెవి మీద పడ్డాడు. వీళ్ళు 2001లో 45 జతల చెవులని ఒక్కొక్కటీ 1250 దిక్కులనుంచి కొలిచి ఆ డేటాని ఎవరైనా వాడుకోవచ్చని ఊరికే ఇచ్చేశారు. అప్పటిదాకా అందరూ వాడుతున్నది 1994లో ఎమ్ఐటీలో కొలిచిన కీమార్ అనే బొమ్మ చెవులని. ఎన్ని ప్రోగ్రాములు, ఎన్ని పరిశోధనలు ఆ ఒక్క బొమ్మ చెవులతో విన్నాయో లెక్కలేదు.

2004లో వీళ్ళు ప్రచురించిన పద్ధతి చూస్తే, ఇది ముందే ఎవరికీ తట్టలేదా అనిపిస్తుంది. తల అంత సైజు బంతి తీసుకోండి. డొప్పలొద్దు, ముక్కొద్దు, ఏమీ వద్దు. చెవుల ఎత్తులో దాని చుట్టూ మైకులు గుచ్చండి, మాటలకైతే ఎనిమిది, సంగీతానికైతే పదహారు. అన్నిటినీ విడివిడిగా రికార్డు చెయ్యండి. వినేవాడి హెడ్‌ఫోన్లకి తల ఎటు తిరిగిందో చెప్పే సెన్సరు ఒకటి తగిలించండి. ప్రస్తుతం అతని ఎడమచెవి బంతి మీద ఎక్కడ ఉండాలో చూసి, అక్కడున్న మైకుని ఎడమచెవికి పంపండి. దానికి సరిగ్గా అవతల ఉన్నది కుడిచెవికి. తల తిరిగితే మైకు మారుతుంది. అంతే.

అంటే ఆస్కార్‌ తల తిప్పే బదులు, అన్ని వైపులకీ తిరిగి ఉన్న ఆస్కార్‌లందర్నీ ఒకేసారి రికార్డు చేసెయ్యడం! బొమ్మ తలకి మోటారు పెట్టి వినేవాడితోపాటు తిప్పినవాళ్ళూ ఉన్నారు, కానీ అది ఒక్క శ్రోతకే పనికొస్తుంది, అదీ లైవ్‌లోనే. ఇక్కడ ఒకే రికార్డింగుని వెయ్యిమంది, ఎవరి తల వాళ్ళు తిప్పుకుంటూ వినొచ్చు. పదేళ్ళ తరవాతైనా వినొచ్చు.

చెవి రెండు మైకుల మధ్యలో పడితే? ఇక్కడ కోడు రాసేవాడికి మొదట తట్టేది రెండిటినీ తూకం ప్రకారం కలిపెయ్యడం. అలా చేస్తే చెడుతుంది. బంతి చుట్టుకొలత 55 సెంటీమీటర్లు, ఎనిమిది మైకులైతే ఒక్కోదానికీ మధ్య 6.9 సెంటీమీటర్లు. ఆ దూరం దాటడానికి శబ్దానికి 0.2 మిల్లీసెకన్లు. అంత ఆలస్యంగా వచ్చిన రెండో కాపీని మొదటిదానితో కలిపితే 2500 హెర్ట్జ్ దగ్గర ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. గొట్టంలోంచి మాట్లాడుతున్నట్టుంటుంది. అందుకని కింది ఫ్రీక్వెన్సీలని మాత్రమే కలిపి, పైవాటిని ఏదో ఒకే మైకునుంచి తీసుకున్నారు. కింది ఫ్రీక్వెన్సీలలో మెడ పని జరుగుతుంది, పైవాటిలో చిన్నచిన్న తప్పుల్ని చెవి మన్నిస్తుంది. పదహారు మైకులైతే ఆ హద్దు 5000 హెర్ట్జ్‌కి పోతుంది. నాలుగు సిగ్నళ్ళ ఆంబిసానిక్స్ 620 దగ్గర ఆగిపోతే, ఈ ఎనిమిది ఎక్కడిదాకా వచ్చాయో చూడండి. గణితం అందం గెర్జాన్‌ది, ఇంజనీరింగు చమత్కారం వీళ్ళది. నా ఓటు వీళ్ళకే.

లోపాలు లేవని కాదు. బంతికి డొప్పలు లేవు కాబట్టి ఎత్తు విషయంలో తడబడుతుంది. మైకులు ఒకే వలయంలో ఉన్నాయి కాబట్టి తల పైకెత్తడం, దించడం లెక్కలోకి రావు. పైగా 2004లో బండి లాగడానికి ఎడ్లే లేవు. ఎనిమిది ఛానెళ్ళంటే సీడీ నాణ్యతలో సెకనుకి 5.6 మెగాబిట్లు. 2005 జనవరిలో మొదలైన బీఎస్ఎన్ఎల్ డేటావన్ 256 కిలోబిట్లు. ఇరవైరెండు కనెక్షన్లు పెట్టించుకోవాలి! తల కదలికలు పట్టే సెన్సర్లేమో ల్యాబుల్లో వేలాది డాలర్లు పోసి కొనేవి. ఫోన్లోకి జైరోస్కోపు వచ్చింది 2010లో, ఐఫోన్ 4తో.

మేరీలాండ్ యూనివర్సిటీలో రమణి దురైస్వామి, జాట్కిన్, గుమెరోవ్‌లది గెర్జాన్ దారికి కొనసాగింపు. గోళం నిండా మైకులు పెట్టి, వచ్చిన శబ్దాన్ని దిక్కులవారీగా విడగొట్టి, ఒక్కో దిక్కునీ వినేవాడి సొంత డొప్పల కొలతలతో వడగట్టి చెవికి పంపడం. వాళ్ళు పెట్టిన విసిసానిక్స్ కంపెనీనుంచే 2014లో ఆక్యులస్ వాళ్ళు సాంకేతికత తీసుకున్నారు. ఈ దారిదే చివరికి పైచెయ్యయింది. కారణం అర్థమవుతుంది: దీన్లో రికార్డు చేసినదాన్ని హెడ్‌ఫోన్లకీ, స్పీకర్లకీ, రేపు రాబోయే ఇంకోదానికీ మార్చుకోవచ్చు. డేవిస్ వాళ్ళది హెడ్‌ఫోన్లకి తప్ప ఎందుకూ కొరగాదు. ఫార్మాట్ల పోటీలో బాగా వినబడేది గెలవదు, ఎక్కడైనా ఒదిగేది గెలుస్తుంది.

2020లో ఆపిల్ ఎయిర్‌పాడ్స్ ప్రోలో తల తిప్పితే శబ్దం ఉన్నచోటే నిలిచే సదుపాయం వచ్చింది. 2022లో ఫోను కెమెరాతో చెవుల్ని స్కాన్ చేసుకునే వీలూ ఇచ్చారు. మెడా, డొప్పా రెండూ కుదిరాయి. వాలక్ వ్యాసం వచ్చిన 80 యేళ్ళకి! జనం పెట్టుకుని, తల అటూఇటూ తిప్పి, "అరె, పాట ఫోన్లోంచే వస్తోంది" అని హెడ్‌ఫోన్లు తీసి చూసుకున్నారు. షికాగోలో వెనక్కి తిరిగి చూసుకున్నవాళ్ళకి వీళ్ళు మునిమనవళ్ళు.

అయితే ఇదంతా వినిపించే వైపు సంగతి. పట్టే వైపు ఏం జరిగిందో చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. డేవిస్ వాళ్ళు తమ బంతికి చెప్పిన ఉపయోగాల్లో ముఖ్యమైనది టెలీకాన్ఫరెన్సు. మీటింగు బల్ల మధ్యలో ఆ బంతి పెడితే, దూరాన ఉన్నవాడు ఆ కుర్చీలో కూచున్నట్టే వింటాడు. ఇద్దరు ఒకేసారి మాట్లాడినా ఎవరిది వాళ్ళకి విడిగా వినబడుతుంది. రెండు మాటలు రెండు దిక్కులనుంచి వస్తే మనం ఒకదాన్ని ఎంచుకుని వినగలం, ఒకే చోటునుంచి వస్తే చాలా కష్టం అని 1953లోనే కాలిన్ చెర్రీ ప్రయోగాలు చేశాడు. మా బోంట్లం రాత్రి పదింటికి అవతలి దేశం కాల్‌లో కూచుని, ఒకే బిందువులోంచి ఊడిపడే ఆరు గొంతుల ముద్దలో ఎవరేమన్నారో ఏరుకుంటున్నాం కదా, దానికి మందు అది. గంట కాల్ అయ్యాక వచ్చే తలనొప్పికి నేను కాఫీని కాదు, మోనోని తిడతాను.

మైకుల వలయం రాలేదా అంటే, వచ్చింది! 2014లో వచ్చిన మొదటి అమెజాన్ ఎకోలో ఏడు మైకులున్నాయి, ఆరు వలయంగా, ఒకటి మధ్యలో. మీటింగు గదుల్లో బల్ల మీద పెట్టే గుండ్రటి డబ్బాల్లోనూ మైకుల వలయాలే. డేవిస్ వాళ్ళు కలగన్న హార్డ్‌వేరు ఇంచుమించు అదే, ఇంటింటికీ చేరింది. చేస్తున్న పని మాత్రం తిరగేసినది. ఎవరు ఏ దిక్కునుంచి మాట్లాడుతున్నారో ఆ మైకులతో కనిపెట్టి, ఆ దిక్కుని వాడుకుని మిగతా చప్పుళ్ళు కొట్టేసి, ఆ పైన ఆ దిక్కుని కూడా పారేసి, శుభ్రమైన ఒక్క ఛానెలు పంపిస్తాయి. మాట గుర్తుపట్టే ప్రోగ్రాముకి అదే కావాలి నిజమే. మనిషికి కావాల్సింది అది కాదు. ఒకసారి మోనోగా కలిపేశాక దిక్కుని మళ్ళీ విడదియ్యడం, పిండి మళ్ళీ బియ్యం చెయ్యడం లాంటిది. వీడియో కాల్స్‌లో 2021నుంచి ఆపిల్ ఫేస్‌టైమ్, 2023లో మైక్రోసాఫ్ట్ టీమ్స్ తెచ్చిన స్పేషియల్ ఆడియో కూడా, తెర మీద ఎవరి చతురస్రం ఎక్కడుందో చూసి గొంతుని అక్కడ అతికించడమే. ఒకే గదిలో ఒకే మైకు ముందు కూచున్న నలుగురు అప్పుడూ ముద్దే.

కాస్త ఆశ పుట్టించిన కబురు 2024లో వచ్చింది. మొబైలు ప్రమాణాలు రాసే 3జీపీపీ ఆ ఏడాది ఐవాస్ అనే కొత్త కోడెక్‌ని ఖాయం చేసింది. ఇందులో గెర్జాన్ ఆంబిసానిక్స్‌కి చోటుంది, ఫోనుకున్న రెండు మూడు మైకులతో దిక్కుల్ని పట్టి కొద్దిపాటి అదనపు సమాచారంగా మాటతోపాటు పంపే పద్ధతికి చోటుంది, అవతలివాడి తల కదలికని బట్టి చెవులకి వినిపించే భాగమూ ఉంది. జూన్‌లో అప్పటి నోకియా అధినేత పెక్కా లుండ్‌మార్క్ మామూలు స్మార్ట్‌ఫోన్‌తో, మామూలు 5జీ నెట్‌వర్క్ మీద ఇలాంటి మొదటి కాల్ మాట్లాడాడు. అవతల ఉన్నది ఫిన్లాండ్ డిజిటలైజేషన్ రాయబారి. ఇద్దరు పెద్దమనుషుల మధ్య కాల్ కాబట్టి అందులో ఎవరూ ఎవరి మాటకీ అడ్డం రాలేదనుకుంటాను. ఆరుగురు ఒకేసారి అరిచే స్ప్రింట్ ప్లానింగ్ కాల్ మీద పరీక్షించినప్పుడు చూడాలి.